పదకొండు వేల అడుగుల బాబాయి

తెల్లవారుజామున 5.10కి ఫోన్ మోగితే ఎవరో పోయారని గుండె గుభేలుమంటుంది. మా బాబాయి ఫోనైతే ఆ భయం లేదు, పోయేది నా నిద్రొక్కటే. "ఒరే అబ్బాయ్, లేచావా? బ్యారేజీ మీదున్నా. కృష్ణ గాలి ఎలా ఉందనుకున్నావ్! నడవరా, నడిస్తే ఎనర్జీ వస్తుంది" అంటాడు. ఆర్నెల్ల క్రితం లిఫ్టు చెడిపోతే, అది బాగయ్యేదాకా మూడో అంతస్తు దిగని మనిషి.

నడిస్తే ఎనర్జీ వస్తుందన్న ఆ మాట అబద్ధమైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఖర్మ కొద్దీ నిజం. 2008లో అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎప్పుడూ నీరసం, నీరసం అనే 36 మంది కుర్రాళ్ళనీ అమ్మాయిల్నీ పోగేశారు. కొందరిని ఊరికే ఉంచి, మిగతావాళ్ళ చేత వారానికి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున, ఆరు వారాలు సైకిలు తొక్కించారు. కాస్త గట్టిగా తొక్కినవాళ్ళకి అలసట 49 శాతం తగ్గితే, మెల్లగా తొక్కినవాళ్ళకి 65 శాతం తగ్గింది. రొప్పక్కర్లేదన్నమాట. ఇంత చక్కటి సంగతి మా బాబాయి నోట్లో పడింది, అదీ దాని రాత.

ఆయన నడక చూడాలి. సత్యనారాయణపురం నుంచి బ్యారేజీ దాకా స్కూటరు. టీ బండికి ఆనించి మరీ స్టాండు వెయ్యాలి, పది గజాలు అవతల పెడితే నడవాలి కదా. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. ఆయన వాకర్ల బృందం ఎప్పుడూ డెబ్బయ్యో గేటు చూసిన పాపాన పోలేదు. ఎవరో ఒకరు 2024 వరదల్లో కొట్టుకొచ్చి గేట్లని గుద్దిన పడవల మాట ఎత్తుతారు. ఇక అంతే, ఆ పడవలు కదిలాయి గానీ వీళ్ళు కదలరు. తర్వాత నెయ్యి ఇడ్లీ, పైన కారప్పొడి. ఇంటికొచ్చి సోఫాలో రెండు గంటలు.

అసలు ముచ్చట మొన్న ఆవకాయల నాడు జరిగింది. ఆదివారం, బాబాయికి జలుబు, నడక లేదు. కొడుకు అమెరికా నుంచి పంపిన అడుగులు లెక్కపెట్టే వాచీని "ఎక్కడన్నా పడేస్తాను, నీ చేతికుంచు" అని పిన్నికి తగిలించి పడుకున్నాడు. పిన్ని మామిడి ముక్కలకి జీడి తీసి, పొర గీకి, ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచింది. జాడీలు ఎండబెట్టడానికి మేడెక్కింది. మబ్బు పట్టిందని పరిగెత్తింది, మబ్బు పోయిందని మళ్ళీ ఎక్కింది. లిఫ్టు మళ్ళీ చెడిపోయింది. సాయంత్రానికి వాచీలో 11,842 అడుగులు. గేటు దాటలేదు మహాతల్లి.

బాబాయి ఆ అంకెని ఫొటో తీసి, "జలుబున్నా ఆపలేదు" అని వాకర్ల గ్రూపులో పెట్టాడు. దండాలే దండాలు. "మీ ఎనర్జీ రహస్యం ఏమిటి సార్?" అని ఒకాయన. "రాగిజావ" అని మా వాడు. ఉండ కట్టకుండా ఆ జావ తిప్పిన చెయ్యి అప్పుడు ఆవ ఘాటుకి మండుతోంది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో వేసిన లెక్కొకటి పిన్నికి పైకి చదివి వినిపించాడు. మన దేశంలో ఒంటికి చాలినంత శ్రమ లేని మగవాళ్ళు 42 శాతం, ఆడవాళ్ళు 57 శాతం. "చూశావా, మీ ఆడవాళ్ళు కదలరు."

కదలరా? వ్యాయామంతో శక్తి ఊరికే రాదయ్యా. ఒళ్ళు అలిశాక విశ్రాంతి కావాలి, నిద్ర కావాలి. కండరాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియా పెరిగేదీ, ఒళ్ళు పుంజుకునేదీ ఆ తీరికలోనే. నీకు సోఫా ఉంది. ఆవిడకేముంది? రాత్రి పదకొండింటికి గిన్నెలు, నాలుగున్నరకి నీ జావ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగింది వారానికి కనీసం 150 నిమిషాలు, రోజుకి ఇరవై రెండు కూడా లేవు. ఆ ఇరవై రెండు నిమిషాలు ఆవిడకి ఎవడిచ్చాడు? నువ్విచ్చావా? పాతికేళ్ళుగా బెజవాడలో కాపురం, బ్యారేజీ మీద పొద్దు పొడవడం ఆవిడ ఒక్కసారన్నా చూసిందా? నీకొస్తే ఎనర్జీ, ఆవిడకి మాత్రం ఉండాల్సింది ఓపిక. ఆవిడ అడుగులు కూడా నీ ఖాతాలోకే!

ఇవాళ 5.10కి ఫోన్ రాగానే అడిగేశాను, "బాబాయ్, రేపట్నించి పిన్నినీ తీసుకెళ్ళరాదా?"

"మీ పిన్నికి అంత ఓపిక ఎక్కడిదిరా" అన్నాడు. "అదలా ఉంచు, నా ఫోన్లో చార్జింగ్ అయిపోతోంది. నేను బయల్దేరుతున్నా, జావ పొయ్యిమీద పెట్టమని నువ్వే చెప్పు."