మహారాజశ్రీ దోమతెర గారికి

మందస కొండ దిగువ గూడెం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం ఏదో ఉన్నాం, దోమలు మాత్రం దివ్యంగా ఉన్నాయి.

తమరు మా ఇంటికి దయచేసి రెండేళ్లయింది. ఆవేళ మా అమ్మ చేతికి తమర్ని ఇచ్చి ఫోటో కూడా తీశారు. కార్డుకి ఒక తెర. మా ఇంట్లో తొమ్మిదిమందిమి, ఎదురింట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే. వాళ్లకీ ఒకటే, మాకూ ఒకటే. ఇంత సమానత్వం పెళ్లి భోజనాల్లో కూడా చూళ్లేదు. ప్రతి ఇద్దరికీ ఒక తెర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ లెక్కన మాకు నాలుగున్నర రావాలి. ఆ అర ఎలా కోస్తారో అడగను, ఐదిస్తే సర్దుకుంటాం. పెళ్లయి వేరుపడ్డ మా అన్నకి ఇంకా కార్డు రాలేదు కాబట్టి, రూలు ప్రకారం వాణ్ణి దోమలు కుట్టడం లేదు.

మొదటి రాత్రే పంచాయితీ. చెల్లి కడుపుతో ఉంది, జ్వరం తగిలితే బిడ్డకీ ముప్పే, కాబట్టి అది లోపల. పక్కన నానమ్మ, అన్న కొడుకు. గుంటడు నిద్రలో దొర్లి మోచెయ్యి తమరికి ఆనించాడు. తెల్లారి చూస్తే మోచేతి మీద వరసగా ఐదు దద్దుర్లు.

తమరి ఒంటికి మందు పట్టించి పంపుతారట. మూడేళ్లు, ఇరవై ఉతుకులదాకా ఆగుతుందట. మా అమ్మకేం తెలుసు? "ఏటీ కంపు!" అని సోడా వేసి బండమీద బాది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసింది. మామూలు సబ్బుతో మెల్లగా ఉతికి నీడన ఆరెయ్యాలని పంచిన బాబు చెప్పకపోలేదు. తెలుగులో, గబగబా, జీపు ఇంజను ఆపకుండా చెప్పాడు. ఇంట్లో మేం మాట్లాడేది సవర. గిడుగు రామమూర్తి పంతులుగారు మా మాట నేర్చుకోడానికి ఈ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి చెవుడు తెచ్చుకున్నారు. ఇప్పటి దొరలకి ఆ కష్టం లేదు. క్వినైన్ మింగకుండానే మా మాట వినపడదు.

ఇక మా నాన్న. పంట చేతికొచ్చేదాకా ఆయన పడక పోడులో మంచెమీదే, పందుల కాపలా. మలేరియా దోమ తిరిగేది పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా, అంటే సరిగ్గా ఆయన డ్యూటీ టైముకి. కార్డేమో ఇంట్లో పెట్టెలో, తమరి కిందే భద్రంగా ఉంది. దానికి ఇంతవరకూ జ్వరం రాలేదు.

తమరికింకా ఏడాది సర్వీసుంది. చిరుగు దగ్గర అమ్మ పాత చీర ముక్క వేసి కుట్టింది, ఏమీ అనుకోకండి. తమరి తర్వాత వచ్చేవారు ఎందరో, తలలు లెక్కపెట్టి వస్తారో కార్డులు లెక్కపెట్టి వస్తారో కనుక్కుని జవాబు రాయించండి. చిరునామా కార్డు మీద ఉన్నదే. నాన్నకి రాయాలంటే మాత్రం, మంచె.

ఇట్లు,
తెర బయట పడుకునే ఆరుగురిలో ఒకడు