వెనక సీటు ఇష్టం ఎవరడిగారు?

పొద్దున తొమ్మిదింటికి తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి వచ్చేపోయే బండ్లను చూడండి. ముందు కూర్చున్న మొగాయన తలకు హెల్మెట్ ఉంటుంది. వెనక ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చున్న భార్యకు ఎండ పడకుండా నెత్తిన కొంగు. మధ్యలో ఇరుక్కున్న బడిపిల్లకు రెండు జడలు, రిబ్బన్లు. ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకున్న చిన్నోడికి ఏమీ లేదు. బండి మీద నాలుగు తలలు, ఒక్కటే హెల్మెట్. అది ఎవరి నెత్తిన ఉందో, ఎందుకు ఆ నెత్తినే ఉందో ఎవరూ అడగరు.

హెల్మెట్ చట్టం మాట వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే వాదన వింటాం. 'నా తల, నా ఇష్టం. పడితే నేనే పడతా. మధ్యలో పోలీసులకేం పని?' టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు అంటారు, చదువుకున్న పెద్దలూ అంటారు. ఈ వాదనను తీసిపారేయకూడదని నా అభిప్రాయం. బండి నడిపేవాడు తాగి నడిపితే పక్కవాడి ప్రాణానికి ముప్పు. ఎర్ర లైటు దాటితే ఎదుటివాడికి ముప్పు. హెల్మెట్ లేకపోతే పైకి చూస్తే అతనికి తప్ప ఇంకెవరికీ ముప్పు లేదు. వయసొచ్చిన మనిషి తన ఒంటి మీద తాను తెచ్చుకునే ప్రమాదాన్ని ప్రభుత్వం జరిమానా వేసి ఆపవచ్చా అనేది నిజమైన ప్రశ్నే.

ఆ ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనల్లో హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడు, అది స్వేచ్ఛగా తిరిగే హక్కును, జీవించే హక్కును హరిస్తోందని ఒకాయన సవాలు చేశారు. అజయ్ కాను కేసు అంటారు దాన్ని. 1988లో తీర్పు వచ్చింది. హెల్మెట్ పెట్టుకోమన్నంత మాత్రాన తిరిగే స్వేచ్ఛకు అడ్డం రాదని, ఆ నిబంధన నడిపేవాడి మేలు కోసమే ఉందని కోర్టు చెప్పి కేసు కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్‌గా ఈ నియమం దేశమంతటికీ ఉంది. తలపాగా కట్టుకునే సిక్కులకు మినహాయింపు ఉంది, అది విశ్వాసానికి ఇచ్చిన గౌరవం. జుట్టు చెదిరిపోతుందనో, ఉక్కపోస్తుందనో అడిగే మినహాయింపు ఆ కోవలోకి రాదు.

అమెరికాలో ఈ గొడవ మనకంటే పెద్దది. 1966లో అక్కడి కేంద్ర ప్రభుత్వం రోడ్ల నిధులకు హెల్మెట్ చట్టాన్ని ముడిపెట్టింది. దాంతో 1975కల్లా దాదాపు అన్ని రాష్ట్రాలూ చట్టం చేశాయి. బండి నడిపేవాళ్ళు సంఘాలు కట్టి, నడిపేవాడే నిర్ణయించుకోవాలని పోరాడారు. 1976లో ఆ ముడి తెగింది, ఒక్కో రాష్ట్రం చట్టాన్ని సడలిస్తూ వచ్చింది. ఫ్లోరిడా 2000లో చేసిన మార్పు చూడండి. 21 ఏళ్ళు నిండి, కనీసం పదివేల డాలర్ల వైద్య బీమా ఉంటే హెల్మెట్ లేకుండా తిరగొచ్చు. నీ స్వేచ్ఛ నీది, దాని ఖర్చూ నీదే అని చెప్పడమన్నమాట.

మన దగ్గరా చాలామంది హెల్మెట్ చట్టాన్ని ఈ ఖర్చు లెక్కతోనే సమర్థిస్తారు. తల పగిలితే సర్కారు ఆసుపత్రిలో మంచం, ఆరోగ్యశ్రీ డబ్బు, 108 బండి, అన్నీ ప్రజలవే కాబట్టి చెప్పే హక్కు ప్రజలకుందని. నాకు ఈ వాదన నచ్చదు. ఇలా మొదలుపెడితే రేపు నువ్వు తినే ఉప్పుకూ, కాల్చే బీడీకీ, చెట్టెక్కి కోసే చింతకాయకూ ఇదే లెక్క కట్టొచ్చు. మనిషి ఒళ్ళు ప్రభుత్వ ఖాతాలో పద్దు కాదు. చట్టానికి నేను ఒప్పుకునేది వేరే కారణానికి. అది చెప్పాలంటే మా అక్క గురించి చెప్పాలి.

ఆరేళ్ళ కిందట ఒక సాయంత్రం పెళ్ళికి పోయి తిరిగొస్తున్నాం. నేను నడుపుతున్నా, అక్క వెనక. పట్టుచీర కాబట్టి ఒక పక్కకే కూర్చుంది. నా నెత్తిన హెల్మెట్ ఉంది, చలానాకు భయపడి పెట్టుకున్నదే. వేగం నలభై కూడా లేదు. గీతలు లేని, దీపం లేని స్పీడ్ బ్రేకర్ ఒకటి దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. నేను ఎగిరి సీటు మీదే పడ్డా. అక్క వెనక్కి పడింది. నెత్తురు చుక్క కూడా కారలేదు. లేచి కూర్చొని 'నా చెప్పు యాడ పడిందిరా' అని అడిగింది. గంట గడిచాక వాంతులు మొదలయ్యాయి.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. ఇంటికొచ్చిన మూడో రోజు పొయ్యి మీద పాలు మాడిపోతుంటే ఆమె పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అప్పుడు తెలిసింది మాకు, ఆమెకు వాసన పోయిందని. డాక్టరు తర్వాత వివరించాడు. ముక్కుకు పైన జల్లెడ లాంటి ఎముక ఉంటుందట. దాని సన్న రంధ్రాల గుండా వాసన నరాలు మెదడుకు పోతాయి. తల వెనక భాగం గట్టిగా తగిలినప్పుడు మెదడు లోపల ఒక్క ఊపు ఊగి ఆ పోగులు తెగుతాయి. కొందరికి మళ్ళీ వస్తుంది, కొందరికి రాదు. అక్కకు రాలేదు. తిరగమోత వేగిందో మాడిందో రంగు చూసి చెబుతుంది. గ్యాసు లీకైతే తెలియదని కోడలు ఇంట్లో లేనప్పుడు పొయ్యి ముట్టించదు. కొండ మీద నుంచి ఎవరైనా లడ్డూ తెచ్చిస్తే కళ్ళకద్దుకొని నోట్లో వేసుకొని, 'తీపి తెలుస్తుందిరా, అంతే' అంటుంది. పచ్చకర్పూరం ఆమెకు లేదు.

ఆరోజు 'నీకూ ఒకటి తెచ్చేదా అక్కా' అని నేను అడగలేదు. ఇంట్లో రెండోది లేదు కూడా. ఇది ఆమె ఇష్టమని ఎవరైనా అంటే నేనేం చెప్పాలి? ఆమెను ఎవరడిగారు?

కేంద్ర రవాణా శాఖ 2022 లెక్కల ప్రకారం ఆ ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. వాళ్ళలో 35,692 మంది బండి నడిపేవాళ్ళు. మిగిలిన 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. బండి ఎంత వేగంగా పోవాలో, ఏ దారిలో పోవాలో, పోయేవాడు తాగాడో లేదో, ఇంట్లో డబ్బుంటే ఎన్ని హెల్మెట్లు కొనాలో, వీటిలో ఒక్కటీ వెనక కూర్చున్నవాళ్ళ చేతిలో ఉండదు. 'నా తల నా ఇష్టం' అన్న మాట హ్యాండిల్ పట్టుకున్నవాళ్ళ మాట. మన ఊళ్ళలో హ్యాండిల్ ఎక్కువగా మగవాళ్ళ చేతిలో ఉంది.

చట్టం ఈ సంగతి గుర్తించకపోలేదు. 129వ సెక్షన్ నడిపేవాళ్ళతో పాటు వెనక కూర్చున్నవాళ్ళకూ వర్తిస్తుంది. 2019 సవరణ నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ అని స్పష్టం చేసింది. అంతవరకూ వంద రూపాయలుగా ఉన్న జరిమానా వెయ్యికి పెరిగింది, మూడు నెలలు లైసెన్సు పోయే శిక్ష చేరింది. తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్ళలోపున్న పిల్లలకు కూడా హెల్మెట్, నడిపేవాళ్ళకు కట్టి ఉంచే పట్టీ, నలభై కిలోమీటర్ల వేగ పరిమితి అంటూ 2022లో నిబంధన తెచ్చారు. వెనక చక్రంలో చీర పడకుండా కవచం, పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆసరా బండికి ఉండాలని అంతకుముందే నిబంధన ఉంది. చీర చక్రంలో పడకుండా చూశారు సరే, ఆ చీర కట్టుకున్న మనిషి తల గురించి రోడ్డు మీద పట్టించుకునేవాళ్ళు లేరు. బండి ఆపిన పోలీసు ముందు సీటు తలను చూసి వదిలేస్తాడు. 2024లో హైకోర్టు హెల్మెట్ నిబంధన గట్టిగా అమలు చేయమని చెప్పాక కొన్నాళ్ళు హడావుడి కనిపించింది. అప్పుడు కూడా నేను చూసినంతలో వెనక కూర్చున్న ఆడవాళ్ళను ఎవరూ ఆపలేదు. గౌరవం కొద్దీ వదిలేశారేమో. ఆ గౌరవం తలకు అడ్డం పడదు.

వియత్నాం సంగతి ఇక్కడ పనికొస్తుంది. అదీ మనలాగే మోటారు సైకిళ్ళ దేశం. 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేశారు. అంతకుముందు పదిమందిలో నలుగురు పెట్టుకునే చోట కొద్దికాలంలోనే తొమ్మిదిమందికి పైగా పెట్టుకున్నారు. ఇలాంటి మార్పు ఉపన్యాసాలతో రాదు, చట్టంతోనే వచ్చింది. కానీ అక్కడ కూడా మొదట్లో 14 ఏళ్ళలోపు పిల్లలకు జరిమానా లేదు. హెల్మెట్ బరువుకు పిల్లల మెడ దెబ్బతింటుందనే భయమూ ఉండేది. తల్లిదండ్రులు తమ తలకు పెట్టుకొని పిల్లల తల వదిలేశారు. నోరులేని సీటు ఎక్కడైనా ఆఖరుదే.

ఇక మన ఊరి అలవాటు. 'ఈడనే కదా, సందు దాకా పోయొస్తా.' ఆవుల పాలకు, తమలపాకులకు, బిడ్డను ట్యూషన్లో దింపడానికి ఎవరూ హెల్మెట్ పెట్టుకోరు. రేణిగుంటకో చంద్రగిరికో పోతే పెట్టుకుంటారు. హైవే మీద పడితేనే తల పగులుతుందని లెక్క. బండి మీద నుంచి తల రోడ్డుకు తగలడానికి హైవే అక్కర్లేదు, మా అక్కకు అక్కర్లేకపోయింది. కొండకు బండి మీద వచ్చేవాళ్ళదీ ఇదే వరస. తలనీలాలిచ్చి, గుండుకు గంధం పూసుకొని, ఆ గంధం చెరిగిపోతుందని హెల్మెట్ మోచేతికి తగిలించుకొని 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో మలుపు మీద మలుపు తిరుగుతూ దిగుతారు. వాళ్ళ భక్తిని నేను తప్పు పట్టను. ఒక పల్చని గుడ్డ కట్టుకొని పైన హెల్మెట్ పెట్టుకుంటే గంధమూ ఉంటుంది.

ఉక్కపోత అబద్ధం కాదు. మే నెలలో మా ఊళ్ళో మధ్యాహ్నం నలభై దాటిన ఎండలో హెల్మెట్ లోపల తల ఉడికినట్టే ఉంటుంది. అయినా దాని పని అది చేస్తుంది. పైన గట్టి డిప్ప, లోపల థర్మోకోల్ పొర. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తలకు తగిలే జోరును మింగుతుంది. నలిగింది మళ్ళీ లేవదు, అందుకే ఒకసారి గట్టిగా పడ్డ హెల్మెట్ పైకి మెరుస్తున్నా మార్చాల్సిందే. గదవ కింద పట్టీ పెట్టుకోకపోతే పడేటప్పుడు తలకంటే ముందు అదే ఎగిరిపోతుంది. చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద సమీక్ష హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తల గాయం ముప్పు 69 శాతం తగ్గుతుందని తేల్చింది. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారు చేసినా, అమ్మినా నేరం. రోడ్డు పక్క తాడుకు వేలాడేసి రెండు, మూడు వందలకు అమ్మే ప్లాస్టిక్ టోపీలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. అవి చలానా నుంచి కాపాడతాయి.

ప్రభుత్వాన్ని నేను నిలదీసేది ఇక్కడే. తల కాపాడుకోమని వెయ్యి రూపాయలు వసూలు చేసే అధికారం ఉన్నవాళ్ళకు, ఆ తల తగిలే రోడ్డును చూసుకునే బాధ్యతా ఉంది. స్పీడ్ బ్రేకర్‌కు తెల్లగీతలు గీయడానికి ఎంత ఖర్చవుతుంది? నకిలీ హెల్మెట్లు అమ్మే చోటుకు తనిఖీలు ఎందుకు రావు? కొత్త బండి కొన్నప్పుడు కంపెనీయే ప్రమాణాలున్న హెల్మెట్ ఇవ్వాలని నిబంధన ఎప్పటినుంచో ఉంది. ఒకటి కాదు, రెండు ఇవ్వాలని 2025లో కేంద్రం ముసాయిదా తెచ్చింది. రెండోది అంటే వెనక సీటుది. అది ముసాయిదా దగ్గర ఆగిపోకూడదు, బండి ధరలో కలిసి వచ్చినా సరే. ఇంట్లో రెండోది ఉంటే 'నాకు లేదు కదా' అని వెనక కూర్చునేవాళ్ళు ఊరుకోవాల్సిన పని ఉండదు.

అక్క ఇప్పటికీ నా బండి ఎక్కుతుంది. ఆమెకని నీలం రంగుది ఒకటి కొన్నా, కొప్పుకు అడ్డం రాకుండా నాలుగు దుకాణాలు తిరిగి. మొదటిరోజు తలకు పెట్టుకొని, తీసి, లోపలి మెత్తను ముక్కు దగ్గర పెట్టుకుంది. అలవాటు పోదు కదా.

'కొత్త వాసన వస్తుందేమిరా?' అని అడిగింది.

వస్తుందన్నాను. పట్టీ నేనే పెట్టాను.