బకెట్ సీటులో పంచెకట్టు

ఇది జరిగి రెండు రోజులే అయింది. ఎడమ తొడ పక్కన ఇంకా కమిలే ఉంది కాబట్టి వివరాలేవీ మర్చిపోలేదు.

నాకు 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు ఒకటుంది. కూపే, 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను, 200 హార్స్‌పవర్. కంపెనీ దాని మీద వేసిన నంబరు 7ఎఫ్01సీ అని మొదలవుతుంది. అందులో ఎఫ్ అంటే అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో తయారైందని. మేముండేది అదే మిషిగన్‌లో, కాంటన్‌లో. అంటే మా బండికి పుట్టిల్లు అరగంట దూరం. దీన్ని నేను మజిల్ కార్, అంటే పెద్ద ఇంజనున్న కండల బండి, అనగానే "కాదు, పోనీ కార్" అని సరిదిద్దే మహానుభావుడు ప్రతి కార్ షోలోనూ ఒకడు తగులుతాడు. సరే నాయనా, గుర్రప్పిల్లే. దాని మీద నడుం పడిపోకుండా కూర్చోవడమే నాక్కావలసింది.

దాంతో పాటు వచ్చిన సీట్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. వీపు సగం దాకానే వస్తాయి. ముందు సీట్లకి హెడ్‌రెస్ట్ ఉండి తీరాలని అమెరికాలో రూలు వచ్చింది 1969 జనవరి 1న, కాబట్టి మా బండిలో తల ఆనించుకోడానికి ఆకాశమే గతి. పైన నున్నటి వినైల్. కుడికి తిప్పితే నేను ఎడమ తలుపు దగ్గర తేలతాను. లోపల స్ప్రింగులు అర్ధశతాబ్దం పైగా జనాన్ని మోసి మోసి నులక వదిలిన మంచంలా కుంగిపోయాయి. ముప్పై మైళ్లు నడిపి దిగితే పెట్రోల్ బంకులో ఎవరో పెద్దావిడ నాకు తలుపు పట్టుకుంది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, పక్కలకి ఆసరా ఉన్న కొత్త సీట్లు వేయించాలని.

ఇక్కడ మా ఆవిడ ఒక మాట అంది. "ఏమండీ, వీపు ముందుకి వంగే సీట్లు తీసుకోండి, పిల్లలు వెనక ఎక్కాలి కదా." రెండు తలుపుల బండి మరి. ముందు సీటు వీపు వంగితేనే వెనకవాళ్లు ఎక్కేది. నేను వినలేదు. వంగని, వాలని, గుల్లలా ఒకే అచ్చులో పోసిన రేసింగ్ బకెట్ సీట్లు ఆర్డరిచ్చాను. ఎందుకంటే ఫొటోలో బాగున్నాయి. బకెట్ అన్న పేరు వినగానే అనుమానం రావలసింది. బకెట్‌లో నీళ్లు పోస్తే ఎత్తి బయటికి ఒంపాలి తప్ప వాటంతటవి దిగి రావు.

వాటి మీద "యూనివర్సల్ ఫిట్" అని రాసి ఉంది. యూనివర్సల్ అంటే ఏ బండికీ నేరుగా సరిపోదని అర్థమట. బ్రాకెట్లు వేరే కొనాలి, ముందుకీ వెనక్కీ జరిపే స్లైడర్లు వేరే కొనాలి. అవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చేసరికి సీటు రెండంగుళాలు పైకి లేచింది. సైజు చార్టులో మాత్రం ధైర్యంగా "36 నడుము వరకు" అన్నారు. నా ప్యాంటు 36. ఇంకేం కావాలి?

బిగించడం గురించి అడక్కండి. మూడు వారాంతాలు పట్టింది.

మొన్న ఆదివారం మా మిత్రుడి గృహప్రవేశం. ముహూర్తం 9:42. పంతులుగారిని తీసుకొచ్చే పని నాకు పడింది, లేదా నేనే మీద వేసుకున్నాను. కొత్త సీట్లు నలుగురూ చూడాలి కదా. మా ఆవిడా పిల్లలూ మామూలు కారులో ముందే వెళ్లిపోయారు. నేను రెడీమేడ్ పంచె కట్టుకుని, కట్టుకుని అనకూడదేమో, నడుముకి వెల్క్రోతో అతికించుకుని, పంతులుగారిని ఎక్కించుకుని బయల్దేరాను. దారిలో నడుం నొప్పి లేదు. మలుపుల్లో జారడం లేదు. పెద్ద చెయ్యి ఏదో నన్ను రెండు పక్కలా పట్టుకుని కూర్చోబెట్టినట్టుంది. ఆ చెయ్యి వదలదని అప్పటికి తెలీదు.

9:25కి చేరాం. ఇంటి ముందు పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు. పంతులుగారు సన్నగా వెదురు బద్దలా ఉంటారు. పంచె మోకాళ్ల పైకి ఎగదోసుకుని ఒక్క ఊపులో దిగిపోయారు. నేను దిగడానికి చోటు చాలుతుందని సీటు వెనక్కి జరిపాను. 'టక్'మని లాకు పడింది. పంచె అంచుతో సహా.

ఆ పరిస్థితి కొంచెం వివరంగా చెప్పాలి. పాత సీటయితే పక్కకి జారి దిగిపోవచ్చు. ఈ సీటుకి తొడలకి అటూ ఇటూ గట్లుంటాయి, పొలం గట్లంత. నడుముకి రెండు పక్కలా రెక్కలుంటాయి. దీంట్లోంచి బయటపడాలంటే బావిలోంచి చేద లాగినట్టు నిటారుగా పైకి లేవాలి. పైకి లేస్తే తల కప్పుకి కొట్టుకుంటుంది, రెండంగుళాలు పెరిగాం కదా. పోనీ ముందు ఎడం కాలు బయట పెడదామంటే, తొడ మీద స్టీరింగ్ కూర్చుని ఉంది. అసలు 1967 మస్టాంగ్‌కి టిల్ట్-అవే స్టీరింగ్ అని ఒక ఆప్షన్ ఉండేది. తలుపు తీయగానే స్టీరింగే మర్యాదగా పక్కకి తప్పుకునేది. నా బండి మొదటి ఆసామి ఆ ఆప్షన్ తీసుకోలేదు. అతనెవరో నాకు తెలీదు. ఆ ఉదయం మాత్రం అతన్ని చాలాసార్లు తలుచుకున్నాను.

"రండి బాబూ, వేళవుతోంది" అన్నారు పంతులుగారు.

"వస్తున్నానండీ" అన్నాను, స్టీరింగ్ పట్టుకుని నవ్వుతూ. ఎవరికైనా బండి చూపిస్తూ కావాలనే కూర్చున్నట్టు అనిపించాలని నా తాపత్రయం. అదే సమయానికి కుక్కని తిప్పుతూ పోతున్న తెల్లాయన ఒకడు ఆగి, సీట్లు భలే ఉన్నాయని బొటనవేలు చూపించాడు. థాంక్స్ చెప్పాను. కుక్క మాత్రం నా మొహం చూసి ఏదో పసిగట్టినట్టు అక్కడే కూర్చుండిపోయింది.

9:31. జనం బండి చుట్టూ చేరారు. ఒకరు లాగమన్నారు, ఒకరు తొయ్యమన్నారు. ఇండియా నుంచి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన ఒకాయన వంగి లోపలికి చూసి, "మా ఊళ్లో ఒక్క అంబాసిడర్‌లో తొమ్మిదిమందిమి ఎక్కేవాళ్లం. తొమ్మిదిమందిమీ దిగేవాళ్లం కూడానూ" అన్నారు. సలహానో ఎత్తిపొడుపో అడిగే ఓపిక నాకు లేదు.

పంతులుగారు రంగంలోకి దిగారు. "ఊపిరి పూర్తిగా వదలండి. రేచకం. ఇంకా వదలండి. పొట్ట వెన్నుకి అంటుకోవాలి." నేను వదిలాను. ఉన్నదంతా వదిలాను. నడుము రెక్కల మధ్య నుంచి అర అంగుళం పైకి లేచింది. అందరూ "ఆఁ, ఆఁ" అన్నారు. ఆ క్షణంలో నాకు ఊపిరి కావలసి వచ్చింది. తీసుకున్నాను. మళ్లీ మొదటికొచ్చాం. ఇలా మూడు ఆవృత్తులు. మూడోసారికి వెనకెవరో పిల్లాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మా పిల్లాడే.

9:36కి మా మిత్రుడు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. వాడు ఇంజనీరు, పైగా గృహయజమాని, పైగా టెన్షన్‌లో ఉన్నాడు. నా రెండు చంకల కింద చేతులు వేసి, "ఒకటి, రెండు, మూడు" అని లాగాడు. నడుము వచ్చింది. తొడలు వచ్చాయి. స్టీరింగ్ కూడా ఎలాగో తప్పింది. పంచె రాలేదు. స్లైడర్ పళ్ల మధ్య అంచు అలాగే ఉంది కదా. 'చర్ర్ర్' మని ఒక చప్పుడు వచ్చింది. వెల్క్రో ఎంత గట్టిగా అరుస్తుందో నిశ్శబ్దంగా ఉన్న వీధిలో వింటేగానీ తెలీదు. నేను బయట, పంచె లోపల.

లోపల షార్ట్స్ వేసుకున్నాను, దేవుడున్నాడు. కాకపోతే అవి మొన్న 5కే పరుగుకి ఇచ్చినవి. వెనక పెద్దక్షరాలతో 'ఫినిషర్' అని ఉంది.

"కట్టుకున్న పంచె అయితే విప్పుకోవచ్చు బాబూ, అతికించుకున్నదానికి శాస్త్రంలో ఏమీ చెప్పలేదు" అంటూ పంతులుగారు లోపలికి నడిచారు. పాలు 9:42కే పొంగాయట. నేను చూడలేదు. ఎవరిదో టేబుల్‌క్లాత్ చుట్టుకుని గరాజ్‌లో కూర్చున్నాను. కొత్త ఇంటి డోర్‌బెల్ కెమెరా మాత్రం అంతా చూసింది. సాయంత్రానికి ఆ వీడియో మూడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. వాటిలో రెండింట్లో నేనూ ఉన్నాను.

నిన్న సీట్లు అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించి, నా సహనానికి కృతజ్ఞతలు చెప్పారు. ఆ తర్వాత ఒకమ్మాయి ఎంతో తియ్యగా బోధించింది: ప్యాంటు సైజు చూడకూడదటండీ, ప్యాంట్ల కంపెనీలు కస్టమర్ల సంతోషం కోసం 36 అని రాసి అంతకంటే పెద్దవే కుడతాయట. గట్టి కుర్చీలో కూర్చుని, తుంటికి అటొక పుస్తకం ఇటొక పుస్తకం ఆనించి, వాటి మధ్య దూరం కొలవాలట. ఆ దూరమే సీటు లోపలి వెడల్పుతో పోల్చుకోవాలట. కొలిచాను. పదహారున్నర అంగుళాలు. సీటు పదిహేను.

"ఈ సంగతి సైజు చార్టులో ఎందుకు రాయలేదమ్మా?" అన్నాను.

"ఇన్‌స్టలేషన్ బుక్‌లెట్ 11వ పేజీలో ఉంది సర్" అంది. ఆ బుక్‌లెట్ సీటుతో పాటు డబ్బాలో వస్తుంది. అంటే కొన్నాక.

వెనక్కి తీసుకుంటారా అని అడిగితే, తీసుకుంటారట. పాతిక శాతం రీస్టాకింగ్ ఫీజు, పంపే ఖర్చు నాదే, సీటు మాత్రం "అమర్చని స్థితిలో" ఉండాలట, దానికి ఏ వస్తువూ అంటుకుని ఉండకూడదట. పంచె సంగతి ఆమెకి చెప్పలేదు.

రాత్రి గరాజ్‌లో లైటు వేసుకుని కూర్చున్నాను. సీటు తీయాలంటే వెనక బోల్టులు విప్పాలి. అవి అందాలంటే సీటు ముందుకి జరగాలి. ముందుకి జరగాలంటే స్లైడర్‌లోంచి పంచె రావాలి. పంచె రావాలంటే సీటు తీయాలి. మా ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "కండువా ఒక్కటే దొరికింది, పంచె ఏదండీ, ఉతకాలి" అంది.