సవరణ: తలకోన గుడ్లగూబ చుక్కలది కాదు, చారలది

పోయిన వారం తలకోన దారిలో తీసిన గుడ్లగూబ ఫొటో పెట్టి, అది స్పాటెడ్ ఔలెట్ (చుక్కల చిన్న గుడ్లగూబ) అని, ఇంకా పిల్ల అని, పగలు కదలకుండా నిద్రపోతుందని రాశాను. మూడూ తప్పే.

అది జంగిల్ ఔలెట్ (చారల చిన్న గుడ్లగూబ). ఫొటో పెద్దది చేసి చూస్తే తలమీద, వీపుమీద, రొమ్ముమీద అన్నీ సన్నటి అడ్డచారలే. ఒక్క గుండ్రటి చుక్క లేదు. స్పాటెడ్ ఔలెట్‌కి నడినెత్తిన తెల్లచుక్కలు, కళ్ళపైన తెల్లటి కనుబొమలు ఉంటాయి. తిరుపతిలో పాత చింతచెట్ల తొర్రల్లో, ఇళ్ళ దగ్గర కనబడేది అదే. ఆ అలవాటుతోనే పొరబడ్డాను. పసుపుపచ్చ కళ్ళు రెండింటికీ ఉంటాయి కాబట్టి వాటిని నమ్ముకోవద్దు.

పిల్ల అన్నది సైజు చూసి. పూర్తిగా ఎదిగినా ఇది దాదాపు 20 సెంటీమీటర్లే, అంటే గోరింకకంటే కాస్త చిన్నది!

ఇక నిద్ర సంగతి. ఇది ఎక్కువగా తెల్లవారుజామున, మునిమాపున తిరుగుతుంది. మబ్బు పట్టిన పగలు కూడా వేటాడుతుంది, అరుస్తుంది. మిడతలు, పురుగులు, బల్లులు, అప్పుడప్పుడు చిన్న పిట్టలు దీని తిండి. అందుకే ఆరోజు పికిలిపిట్టలు దాని చుట్టూ అంత గోల చేశాయి. నేనేమో నిద్ర చెడగొడుతున్నాయని జాలిపడ్డాను.

గొంతు వింటే అసలు అనుమానమే రాదు. స్పాటెడ్ ఔలెట్ కిచకిచమని పోట్లాడినట్టు అరుస్తుంది. ఇది 'కావ్, కావ్' అని మెల్లగా మొదలుపెట్టి, వేగం పెంచి, చివరికి సన్నగిల్లుతుంది. ఫొటో కింద పేరు మార్చేశాను.