సవరణ: బీడీఎన్‌ఎఫ్ తెగిన నరాన్ని అతికించే జిగురు కాదు

మెదడు దెబ్బతిన్నాక బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ పెరిగితే చనిపోయిన నరకణాలు మళ్లీ పుడతాయని పోయినసారి రాశాను. అది తప్పు. ఈ ప్రోటీన్ ముఖ్యంగా బతికి ఉన్న కణాలకు ఆసరా ఇస్తుంది, వాటి మధ్య కనెక్షన్లను బలపరుస్తుంది. పోయిన కణం పనిని పక్క కణాలు కొంతవరకు అందుకోవడానికి అలా వీలవుతుంది. పోయిన కణం మాత్రం పోయినట్టే.

ఇంకో పొరపాటు, చేతిలో తెగిన నరాన్నీ వెన్నుపాము గాయాన్నీ ఒకే గాటన కట్టేశాను. చేతి నరంలో పోగుల చుట్టూ ఉండే ష్వాన్ కణాలు ఎన్‌జీఎఫ్, బీడీఎన్‌ఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లను (పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్లను) విడుదల చేసి, నరపు పోగు పెరగడానికి దారి వేస్తాయి. వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అంటే చాలా ఓపిక కావాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ కణాల సాయం కూడా తగ్గిపోతుంది. వెన్నుపాములో అయితే నరపు పోగులను కప్పే పొర, అంటే మైలిన్‌లోని నోగో వంటి ప్రోటీన్లూ, గాయం మచ్చా ఆ పోగుల ఎదుగుదలను అడ్డుకుంటాయి. గ్రోత్ ఫ్యాక్టర్ ఒక్కటే అక్కడ చాలదు.

సంవత్సరం కూడా తప్పింది. ఎన్‌జీఎఫ్ పరిశోధనకు రీటా లెవీ మోంటాల్చినీ నోబెల్ అందుకున్నది 1986లో. నేను రాసిన 1982, పంది మెదడు నుంచి బీడీఎన్‌ఎఫ్‌ను వేరుచేసిన ఏడాది.