రెండోసారి ఫ్లష్ నొక్కకండి మహాప్రభో!

నిన్న రాత్రి పదకొండున్నర. కళ్లు మూతలు పడుతున్న వేళ బాత్రూమ్‌లోంచి మావాడి కేక. "అమ్మా, నీళ్లు కిందికి దిగట్లేదు, పైకొస్తున్నాయి!"

వెళ్లి చూద్దును కదా, కమోడ్ అంచు దాకా నీళ్లు. అంచు దగ్గర కాసేపు ఉబ్బి, పడాలా వద్దా అన్నట్టు ఊగిసలాడాయి. తర్వాత సన్నటి ధారగా జారి, టైల్స్ సందుల వెంట నా చెప్పుల వైపు బయల్దేరాయి.

"ఎన్నిసార్లు నొక్కావురా?"

"రెండు." కాసేపాగి, "మూడు."

నా కోపం వాడి మీద కాదు. మనందరికీ ఉన్న ఈ జబ్బు మీద. మొదటిసారి దిగనిది రెండోసారి దిగుతుందని ఏ ధైర్యంతో నొక్కుతామండీ? ఒక్క నొక్కుకి దాదాపు 6 లీటర్లు, పాత ట్యాంకైతే ఇంకా ఎక్కువ. కమోడ్ అప్పటికే నిండి ఉంది. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? లిఫ్ట్ బటన్ పదిసార్లు నొక్కే అలవాటే ఇక్కడా చూపిస్తాం. లిఫ్ట్ అయితే మన కాళ్ల మీద పొంగదు, అంతే తేడా.

నీళ్లు లేస్తున్నాయని కనిపించగానే చెయ్యి వెళ్లాల్సింది ట్యాంకు కింద ఉండే చిన్న వాల్వ్ మీదకి. అది కట్టేస్తే ట్యాంకు మళ్లీ నిండదు. మాది ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయింది, గుడ్డ చుట్టి తిప్పితే కదిలింది. మీ ఇంట్లో అది ఎక్కడుందో ఇవాళే ఓసారి చూడండి. అర్ధరాత్రి మురికినీళ్లలో నిలబడి వెతికే వస్తువు కాదది.

ఈలోగా మా ఆయన యాసిడ్ సీసాతో ప్రత్యక్షం. ఆ సీసా లాక్కోవడానికి పట్టిన శ్రమ ప్లంజర్‌కి (కర్ర చివర రబ్బరు కప్పు ఉండేదే) కూడా పట్టలేదు. బ్లీచింగ్ కలిసిన క్లీనర్ ఏదైనా ముందే పోసి ఉంటే, దాని మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. పైగా నిలిచిన నీళ్లలో యాసిడ్ పోసి, అందులోనే ప్లంజర్ ఆడిస్తే చిమ్మేది మన మొహానే.

అరగంట ఆగాం. మట్టం కాస్త దిగింది. అప్పుడు ప్లంజర్. కింద అదనంగా చిన్న గొట్టంలాంటి రబ్బరు ఉండేదే కమోడ్‌కి పనికొస్తుంది. చదునుగా ఉండేది సింక్‌కి. రబ్బరు నీళ్లలో మునగాలి, లేకపోతే గాలినే తోస్తాం. మొదటి తోపు మెల్లగా, లోపలి గాలి పోయేదాకా. బలమంతా తోసేటప్పుడే పెడతారు అందరూ, వెనక్కి లాగేటప్పుడూ అంతే బలం కావాలి. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు, చివరికి 'గుళుక్' మంది. ఆ చప్పుడుకి మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం, నిజంగా.

రబ్బరుకి చుట్టుకుని పైకొచ్చింది బూడిదరంగు తాడు. తాడు కాదు, మెలికపడ్డ వెట్ వైప్స్. నావే. మొహం తుడుచుకుని, ప్యాకెట్ మీద 'ఫ్లష్ చేయవచ్చు' అని రాసుంది కదా అని అందులోనే పడేసేదాన్ని. టాయిలెట్ పేపర్ నీళ్లలో విడిపోతుంది. చాలా వైప్స్‌లో ప్లాస్టిక్ పోగులుంటాయి, అవి విడిపోవు. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద మురుగు కాలువలో దొరికిన ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. కొవ్వు, వైప్స్, డైపర్లు కలిసి రాయిలా గడ్డకట్టాయి. అన్ని వేల ఇళ్లలోనూ నాలాంటి వాళ్లు 'ఒక్కటే కదా' అనుకునే ఉంటారు.

కమోడ్ వెనక ఆ వంపు ఎందుకు పెట్టారో తిట్టుకునేదాన్ని. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాలు చేసే ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. అందులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉండి కింది కంపు పైకి రాకుండా ఆపుతాయి. కంపు ఆపే ఆ మలుపే నా వైప్స్‌నీ ఆపింది, పాపం దాని తప్పేముంది.

తర్వాత ఫ్లష్ నొక్కలేదు, బకెట్‌తో కొద్దికొద్దిగా పోసి చూశాం. దిగింది. ఒంటిగంటన్నరకి నేల కడగడం అయింది.

పొద్దున మావాడు బాత్రూమ్ బయటికొచ్చి, "అమ్మా, ఒక్కసారే నొక్కా" అని రిపోర్ట్ ఇచ్చాడు. ఆ వైప్స్ ఎవరివని మాత్రం వాడింకా అడగలేదు.