భూటాన్‌కి ఊరికే పంచిపెడుతున్నామా? ఆ ఫార్వర్డ్‌లో ఒక్కో మాటకీ జవాబు

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఈసారి మా బావగారే ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు, చివర రెండు కోపం బొమ్మలు తగిలించి. అందులో ఉన్నది ఇదీ: "మన పన్నుల డబ్బు వేల కోట్లు తీసుకెళ్లి భూటాన్‌కి ఊరికే పంచుతున్నారు. ఆ డబ్బుతో ఇక్కడ రోడ్లన్నీ వేసేయొచ్చు. అరవై ఏళ్లుగా ఇస్తున్నా ఆ దేశం బాగుపడింది లేదు. ఇచ్చిందంతా రాజుగారూ పెద్దలూ తినేశారు, పేదోడికి చేరింది సున్నా. ఇదంతా చైనా భయంతో ఇచ్చే లంచం. నిజమైన భారతీయుడైతే పదిమందికి పంపండి."

పదిమందికి పంపేముందు ఒక్కో మాటా విడదీసి చూద్దాం. అన్నీ అబద్ధాలని నేననను. ఒకటి సగం నిజం. ఇంకోటి అసలు అడగాల్సిన ప్రశ్న గుమ్మందాకా వచ్చి, తలుపు కొట్టకుండా వెనక్కి వెళ్లిపోయింది.

"వేల కోట్లు ఊరికే పంచుతున్నారు"

వేల కోట్లు నిజమే. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో విదేశాంగ శాఖ పద్దులో భూటాన్ పేరు మీద ఉన్నది 2,150 కోట్లు. బయటి దేశాలకి మనం కేటాయించే వాటిలో ఇదే పెద్దది. తర్వాత నేపాల్‌కి 700 కోట్లు, మాల్దీవులకి 600 కోట్లు. పేచీ అంతా "ఊరికే" అన్న మాట దగ్గరే.

భూటాన్‌లో మన డబ్బు ఎక్కువగా వెళ్లింది జలవిద్యుత్ ప్రాజెక్టుల్లోకి. మొదటి పెద్ద ప్రాజెక్టు చుఖా, 336 మెగావాట్లు, 1986-88 మధ్య కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని ఖర్చులో 60 శాతం గ్రాంటు, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు, 40 శాతం అప్పు. తర్వాత వచ్చిన 1,020 మెగావాట్ల తాలాకీ అదే లెక్క. 2019లో ప్రారంభమైన 720 మెగావాట్ల మాంగ్‌దెఛు దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది: 30 శాతం గ్రాంటు, 70 శాతం అప్పు. ఆ అప్పు మీద ఏడాదికి 10 శాతం వడ్డీ. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకి 83 పైసలు, రూపాయి వడ్డీకి కాస్త తక్కువ. బావగారి హోమ్‌లోన్ వడ్డీ ఇంతకంటే తక్కువ. అయినా బ్యాంకువాళ్లు ఆయన్ని ఊరికే పోషిస్తున్నారని ఎవరూ అనరు కదా.

ఆ ప్రాజెక్టుల కాంట్రాక్టులు చాలావరకు మన దేశపు కంపెనీలకే దక్కాయి. అంటే ఢిల్లీలో బయలుదేరిన డబ్బులో పెద్ద వాటా బిల్లుల రూపంలో మళ్లీ మన దగ్గరికే వచ్చింది. తయారైన కరెంటులో భూటాన్ వాడుకోగా మిగిలింది మనమే కొంటాం. తాలా కరెంటును మోసుకెళ్లడానికి సిలిగురి నుంచి ఢిల్లీ దగ్గరి మండోలా దాకా ప్రత్యేకంగా లైన్ వేశారు. వానాకాలంలో అక్కడి నదులు పొంగే సమయానికి ఇక్కడ మనకి ఉక్కపోత, ఫ్యాన్లూ ఏసీలూ ఆగకుండా తిరుగుతుంటాయి. చలికాలంలో నదులు చిక్కిపోతే కొన్నేళ్లుగా భూటానే మన దగ్గర కరెంటు కొంటోంది. దీన్ని దానం అంటే దానం అన్న మాటకే అవమానం. ఇద్దరికీ గిట్టుబాటయ్యే బేరం ఇది.

గిట్టుబాటు ఇద్దరికీ సమానంగా ఉందా అంటే, అది వేరే గొడవ. భూటాన్ వైపు నుంచి చూస్తే అప్పు వాటా 40 నుంచి 70కి ఎక్కింది. దేశం మొత్తం అప్పు ఏడాది జీడీపీని మించిపోయింది. అందులో పెద్ద ముక్క ఈ ప్రాజెక్టులదే, తీర్చాల్సింది మనకే. మన ఫార్వర్డులు మనం మోసపోతున్నామంటాయి. భూటాన్‌లో తామే మోసపోయామని గొణిగేవాళ్లకీ తక్కువ లేదు.

"ఆ డబ్బుతో ఇక్కడ రోడ్లన్నీ వేసేయొచ్చు"

దీనికి ఎక్కువ టైమ్ అక్కర్లేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. 2025-26లో కేంద్రం మొత్తం ఖర్చు అంచనా 50 లక్షల 65 వేల కోట్లు. అందులో 2,150 కోట్లంటే నూటికి నాలుగు పైసలు. 140 కోట్ల మందికి పంచితే మనిషికి పదిహేను రూపాయలు, ఒక టీ ఖర్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడ్జెట్లు రెండూ కలిపితే ఆరు లక్షల కోట్లు దాటతాయి. ఆ లెక్కన ఈ సొమ్ము రెండు రాష్ట్రాల ఒకటింపావు రోజు ఖర్చు. మన రోడ్ల గతుకులకి కారణాలు చాలా ఉన్నాయి కానీ, అవి భూటాన్ రాజధాని థింపూలో దొరకవు.

"అరవై ఏళ్లుగా ఇస్తున్నా బాగుపడింది లేదు"

నాకు కోపం తెప్పించింది ఇదే. అరవై ఏళ్ల కిందట అక్కడ ఏముందో తెలిసినవాళ్లెవరూ ఈ మాట అనలేరు.

1958లో నెహ్రూ భూటాన్ వెళ్లారు. ఎలా వెళ్లారనుకున్నారు? సిక్కిం నుంచి నాథులా కనుమ దాటి, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా, గుర్రాల మీదా యాక్‌ల మీదా. ఎందుకంటే మన దేశం నుంచి భూటాన్ లోపలికి బండి వెళ్లే దారే లేదు. మూడేళ్ల తర్వాత, 1961లో, ఆ దేశపు మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. మొత్తం పది కోట్ల డెబ్బై లక్షలు, అంతా మన డబ్బే. అదే ఏడాది మన బోర్డర్ రోడ్స్ సంస్థ 'దంతక్' పేరుతో ఒక ప్రాజెక్టు పెట్టి కొండలు తొలిచి రోడ్డు వేయడం మొదలుపెట్టింది. బెంగాల్ సరిహద్దులోని ఫుంట్‌షోలింగ్ నుంచి థింపూకి ఇవాళ మన టూరిస్టులు కార్లో వాంతులు చేసుకుంటూ ఎక్కే రోడ్డుకి పునాది అప్పుడే పడింది.

ఇవాళ? 2007లో నూటికి 23 మంది పేదరికంలో ఉంటే 2012కి 12, 2017కి 8. "2022లో మళ్లీ 12 దాటింది, చూశారా" అని ఎవరైనా స్క్రీన్‌షాట్ పెట్టొచ్చు. అప్పుడు మారింది కొలబద్ద. పేదరికపు గీతను పైకి జరిపి లెక్క కొత్తగా కట్టారు, కాబట్టి ఆ అంకెని పాత అంకెల పక్కన పెట్టకూడదు. 2023 డిసెంబర్ 13న ఐక్యరాజ్యసమితి అత్యంత వెనకబడిన దేశాల జాబితా నుంచి భూటాన్ బయటపడింది. 1971లో ఆ జాబితా పెట్టిన దగ్గర్నుంచీ అలా బయటపడిన దేశాల్లో ఇది ఏడోది మాత్రమే.

ఫార్వర్డ్ రాసినాయన మర్చిపోయిన ఇంకో సంగతి, సాయం చేసింది మనం ఒక్కళ్లమే కాదు. ఆస్ట్రియా బాసోఛు దగ్గర చిన్న జలవిద్యుత్ కేంద్రాలకి తోడ్పడింది. పల్లెలకి కరెంటు లైన్లు వేయడానికి ఆసియా అభివృద్ధి బ్యాంకూ జపానూ అప్పులిచ్చాయి. స్విట్జర్లాండ్, డెన్మార్క్ కూడా తలో చెయ్యీ వేశాయి.

జపాన్ అంటే ఒక మనిషి గుర్తొస్తాడు. కేజీ నిషియోకా అనే వ్యవసాయ నిపుణుడు 1964లో భార్యతో కలిసి భూటాన్ వచ్చాడు. మొదట ఆయన చేతికి దొరికింది చిన్న ముక్క నేల, నేర్చుకోవడానికి కొందరు కుర్రాళ్లు. ముల్లంగీ కూరగాయలూ పండించి చూపించాడు. వరిని సాళ్లలో నాటితే కలుపు తీయడం సులువు, దిగుబడీ ఎక్కువని పారో లోయ రైతులకి చేసి చూపించాడు. తర్వాత దక్షిణాన, పోడు వ్యవసాయంతో బతికే మారుమూల ఊళ్లకి వెళ్లాడు. అక్కడ ఖరీదైన కట్టడాల జోలికి పోలేదు. ఊరివాళ్లే బాగుచేసుకోగలిగిన తీగ వంతెనలు, చిన్న చిన్న కాలువలు, వాటి కింద వరి మళ్లు. 1980లో రాజు ఆయనకి 'దాషో' బిరుదు ఇచ్చారు. 1992లో ఆయన భూటాన్‌లోనే కన్నుమూశాడు. ఇరవై ఎనిమిదేళ్లు! మన దగ్గర ఒక వ్యవసాయాధికారి ఒకే మండలంలో మూడేళ్లుంటే గొప్ప.

సాయం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో రెండూ ఒకేచోట చూడాలంటే కోవిడ్ టీకాల కథ చాలు. 2021 జనవరిలోనూ మార్చిలోనూ మనం కలిపి ఐదున్నర లక్షల డోసులు పంపాం. భూటాన్ వాటిని దాచిపెట్టి, అంతా సిద్ధం చేసుకుని, మార్చి 27న మొదలుపెట్టి రెండు వారాల్లోపే పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా వేసేసింది. టీకా మనది. కానీ కొండమీది ఊరిదాకా దాన్ని చల్లగా మోసుకెళ్లిన ఆరోగ్య కార్యకర్తలు వాళ్లవాళ్లే. అంతలో ఇక్కడ సెకండ్ వేవ్ ముంచుకొచ్చింది, మన ఎగుమతులు ఆగాయి. రెండో డోసు సంగతేంటని వాళ్లకి టెన్షన్. చివరికి అమెరికా, డెన్మార్క్ లాంటి దేశాలు పంపిన టీకాలతో జులైలో గట్టెక్కారు. ఒక్క ఇంటి బావినే నమ్ముకుంటే ఎలా ఉంటుందో వాళ్లకి ఆ నాలుగు నెలల్లో బాగా తెలిసొచ్చింది.

"రాజుగారూ పెద్దలూ తినేశారు, పేదోడికి సున్నా"

రెండేళ్ల కిందట మేం భూటాన్ వెళ్లినప్పుడు పారో దగ్గర ఒక రైతు ఇంట్లో దిగాం. వంటగదిలో రైస్ కుక్కర్, దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకోటి, కూరకి. ఎర్రబియ్యం అన్నం ఒకదాంట్లో, మిరపకాయలూ జున్నూ వేసిన ఎమదాచి ఇంకోదాంట్లో. గోడవారగా కట్టెలు పేర్చి ఉన్నాయి, అవి చలికి గది వెచ్చబెట్టుకోవడానికట. బిల్లెంతొస్తుందని అడిగితే ఆవిడ నవ్వేసింది. పల్లెటూళ్లలో ఇంటికి నెలకి వంద యూనిట్లు ఉచితం, 2013 నుంచి. ఆ ఉచితం ఎక్కడిదంటే, ఈ జలవిద్యుత్ ప్రాజెక్టుల పుణ్యమే. ప్రాథమిక వైద్యం, పదో తరగతి దాకా చదువు ఉచితంగా ఇవ్వాలని 2008 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. మొదటి ప్రణాళికకి ముందు దేశం మొత్తమ్మీద 11 బళ్లు, నాలుగు వందల మంది పిల్లలు ఉన్నారని చెప్పుకునే చోట ఇది చిన్న విషయం కాదు.

అయితే నేను వకాల్తా పుచ్చుకుని అన్నీ బావున్నాయనను. ఈ మేలు అందినవాళ్లలో కొందరు లేరు. 1990ల మొదట్లో దక్షిణ భూటాన్‌లోని నేపాలీ మాట్లాడే లోత్‌షాంపా ప్రజలు దాదాపు లక్షమంది దేశం విడిచి నేపాల్ శిబిరాల్లో పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది చివరికి అమెరికాలో స్థిరపడ్డారు. సంతోషాల దేశం అని పోస్టులు పెట్టేవాళ్లు ఈ ఒక్క పేజీ తిప్పేస్తుంటారు. అప్పట్లో సాయం ఇచ్చే దేశాలూ ఈ విషయంలో గట్టిగా నోరెత్తలేదు, మనతో సహా.

రెండోది ఉద్యోగాలు. ఇక్కడే ఫార్వర్డ్ గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్లింది. విద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు వేలమంది కావాలి, అందులోనూ చాలామంది మన దేశం నుంచి వెళ్లిన కూలీలే. కట్టడం అయ్యాక నడపడానికి కొద్దిమంది సరిపోతారు. డబ్బు ఖజానాకి వస్తుంది, ఆ డబ్బుతో బళ్లూ ఆసుపత్రులూ నడుస్తాయి, పిల్లలు చదువుకుంటారు. చదివాక చేయడానికి పని ఉండదు. 2022లో యువతలో నిరుద్యోగం 28 శాతం దాటింది. ఎనిమిది లక్షలు కూడా లేని జనాభాలోంచి టీచర్లూ నర్సులూ ఆస్ట్రేలియా విమానం ఎక్కుతున్నారు. పిల్లల్ని బీటెక్ చదివించి వీసా ఇంటర్వ్యూకి పంపే మనకి ఈ కథ ఎవరో విడమరిచి చెప్పక్కర్లేదు. కాబట్టి "పెద్దలు తిన్నారు" కంటే "ఇంత డబ్బూ కరెంటు మీదే ఎందుకు పెట్టారు, మనిషికి పని దొరికే వాటి మీద ఎందుకు పెట్టలేదు" అని అడిగుంటే నేనూ ఆ మెసేజ్ పదిమందికి పంపేవాణ్ని.

"చైనా భయంతో ఇచ్చే లంచం"

సగం నిజం. టిబెట్ చైనా చేతిలోకి వెళ్లకపోయుంటే థింపూ రోడ్డు అంత త్వరగా పడేది కాదు. 2017లో డోక్లాంలో మన సైనికులూ చైనా సైనికులూ రెండు నెలలకు పైగా ఎదురెదురుగా నిలబడింది భూటాన్ తనదనే నేల మీదే. అవసరం ఉండే ఇచ్చాం, ఏ దేశమైనా అంతే. కానీ సైన్యం కోసం వేసిన రోడ్డు మీద బడి పిల్లలూ బంగాళదుంపల లారీలూ వెళ్లకూడదని రూలేమీ లేదుగా.

బావగారూ, చివరగా ఒక్కటి. భూటాన్ మీద నిజంగా నిలదీయాలనుంటే పునాత్సాంగ్‌ఛు-1 గురించి అడగండి. 1,200 మెగావాట్ల ప్రాజెక్టు, 2008లో మొదలైంది. అంచనా మూడున్నర వేల కోట్లు. 2013లో డ్యామ్ కట్టే చోట కుడి గట్టు కొండ జారింది. ఏళ్ల తరబడి ఆ కొండని నిలబెట్టడానికే కాంక్రీటూ ఇనుమూ పోశారు, అంచనా తొమ్మిది వేల కోట్లు దాటింది. ఇందులో 60 శాతం అప్పు, ఆ వడ్డీ ఏళ్లుగా పెరుగుతూనే ఉంది. డ్యామ్ పని మళ్లీ మొదలుపెట్టడానికి రెండు దేశాలూ 2025లోగానీ ఒక అవగాహనకి రాలేదు. ఆ చోటు ఎవరు చూసి సరేనన్నారు, రాయి గట్టిదేనని ఎవరు రాసిచ్చారు, పెరిగిన ఖర్చు మనది ఎంత, వాళ్లది ఎంత? దీని మీద మెసేజ్ ఏదైనా ఉంటే గ్రూపులో పెట్టండి, కోపం బొమ్మ ఈసారి నేనూ పెడతాను.